అటక మీది పొట్లాలు

మా పార్సనేజి వంటింటి అటక మీద ఒక అట్టపెట్టె ఉన్నది. అందులో పదకొండు పొట్లాలు ఉన్నవి. ఒక్కొక్క పొట్లములో నూరు గ్రాముల ఆకుపచ్చని పొడి, మడత పెట్టిన ఒక కరపత్రము, సెల్‌ఫోను వెనుక అతికించుకొనుటకు రూపాయి బిళ్ళంత బంగారు రంగు స్టిక్కరు. పొడికి పురుగు పట్టి చాలా కాలమైనది. ప్రతి సంవత్సరము క్రిస్మసుకు ఇంటికి సున్నము వేసేటప్పుడు మా శ్రీమతి ఆ పెట్టెను కిందికి దించి, "ఇప్పటికైనా పారవేయండి" అంటుంది. మేము దుమ్ము దులిపి మళ్ళీ పైన పెడతాము.

ప్రియ పాఠకులారా, ఈ పత్రికలో ఆరోగ్యమును గూర్చి వ్రాయమని అడిగినప్పుడు మేము మొదట వద్దన్నాము. మేము చదివినది వేదాంత విద్యలో డిప్లొమా, వైద్యము కాదు. అయితే వైద్యము చదవని ఈ నోటితోనే ఒకప్పుడు సంఘమునకు వైద్యము చెప్పియున్నాము గనుక, అది ఎట్లు జరిగినదో చెప్పవలసిన బాకీ మా మీద ఉన్నది.

మా సంఘము బాన్సువాడ చుట్టుపక్కల నాలుగు పల్లెలది. నిజాంసాగర్ కాలువ నీళ్ళకు వరి పండే నేల. వరి ఉన్నా ఇంట్లో చిల్లర పైసలు ఆడేది రెండు దారులలోనే. ఆడవారు బీడీలు చుడతారు, మగపిల్లలు గల్ఫుకు పోతారు. మా చిన్నతనములో దుబాయి నుండి ఉత్తరము రావడానికి రోజులు పట్టేది. చదువు రాని తల్లులకు కొడుకులు క్యాసెట్లలో మాటలు నింపి, ఊరికి వచ్చేవారి చేత పంపేవారు. ఆ క్యాసెట్టును టేప్ రికార్డరులో వేసుకొని, కొడుకు "అమ్మా" అన్నప్పుడల్లా "ఆఁ బిడ్డా" అని జవాబిచ్చే తల్లిని మేము కళ్ళారా చూశాము. ఆ తరువాత ఎస్టీడీ బూతులు వచ్చినవి, వాటి తరువాత సెల్‌ఫోన్లు. కాబట్టి మా పల్లెలలో సెల్‌ఫోను అంటే ఆటవస్తువు కాదు. అది ముందు ఒక కొడుకు గొంతు.

2018లో మా పల్లెలలో ఒకదానిలో, గుడికి రెండు వందల గజాల దూరములో టవర్ లేచింది. స్థలము ఇచ్చిన ఆసామికి నెల నెలా కిరాయి, తక్కిన ఊరికి అనుమానము. అదే సంవత్సరము నవంబరు చివర రజనీకాంత్, అక్షయ్ కుమార్ నటించిన '2.0' సినిమా వచ్చింది. సెల్ టవర్ల వలన పక్షులు చచ్చిపోతున్నవని, వాటిని ప్రేమించిన ఒకాయన ఊరిలోని ఫోన్లన్నిటి మీద పగ తీర్చుకొనే కథ. మేము చూడలేదు గాని, చూసివచ్చిన పిల్లలు పూసగుచ్చినట్టు చెప్పారు. ఇక పిచ్చుకలు ఎటు పోయినవి, మామిడి పూత ఎందుకు రాలింది, బర్రె పాలు ఎందుకు చేపలేదు, అన్నిటికీ టవరే జవాబు. తలనొప్పి సంగతి చెప్పనక్కరలేదు. ఆ టవర్ కింద అరుగు మీద కూర్చుని, ఆ తరంగాలు మెదడును ఎట్లా తినేస్తున్నవో చెప్పే పెద్దమనుషులు బీడీ వెనుక బీడీ ముట్టించుకొంటూ చెప్పేవారు. ఆ సంగతికి తరువాత వస్తాము.

మా సంఘములో ఒక పెద్దమ్మ ఉన్నది. పేరు వ్రాయము. అప్పటికి ఆమెకు అరవై దగ్గర. భర్త పోయి చాలా కాలమైనది. ఒక్కడే కొడుకు, దుబాయిలో కట్టడపు పని. పొద్దంతా చాట ముందు కూర్చుని తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టేది. కొడుకు డ్యూటీ దిగి, గదిలో వంట చేసుకొని, పడుకొనే ముందు ఫోను చేసేవాడు. అక్కడ పదిన్నర అయితే ఇక్కడ పన్నెండు. పెద్దమ్మ దిండు కింద ఫోను పెట్టుకొని ఆ పన్నెండింటి కొరకు మేలుకొని ఉండేది. పొద్దున లేస్తే మెడ వెనుక నుండి తల పట్టేసినట్టు నొప్పి.

"టవర్ పెట్టినకాడికెల్లి తలకాయ పలుగుతాంది అయ్యగారూ. మెదడు కరుగుతదంటున్నరు, నిజమేనా?" అని ఒక ఆదివారము అడిగింది. మాకు తెలియదు. తెలియదని చెప్పి ఉంటే బాగుండేది. "ప్రార్థన చేద్దాము, ఏదైనా మందు కూడా చూద్దాము" అన్నాము.

ఆ మందు మమ్మును వెదుకుకొంటూ వచ్చినట్టే వచ్చింది. 2019 జనవరిలో ఒక శుక్రవారము ఉపవాస ప్రార్థన ముగిసిన తరువాత, తెల్లచొక్కా వేసుకొన్న ఒక మధ్యవయస్కుడు సంచితో వచ్చాడు. మాట మెత్తన. సరస్వతి ఆకు, తులసి, తిప్పతీగ, అశ్వగంధ కలిపిన చూర్ణమట. రోజుకు రెండు పూటలు తేనెతో తీసుకొంటే మెదడు చుట్టూ కంచె వేసినట్టట, టవర్ తరంగము లోపలికి దూరదట. తులసి రేడియేషనును ఆపుతుందని శాస్త్రవేత్తలే నిరూపించారని కరపత్రములో అచ్చు వేసి ఉన్నది. పార్సనేజికి రెండు పొట్లాలు ఉచితముగా ఇచ్చాడు. వారము రోజులు మేము వాడాము. తలలో చల్లగా ఉన్నట్టే అనిపించింది. అది పొడి చలువో, ఊరికే వచ్చినదాని చలువో, ఇప్పుడు చెప్పలేము.

ఆ తరువాతి ఆదివారము ఆరాధన అయ్యాక, ప్రకటనల సమయములో మేము పొట్లము చేతపట్టుకొని నిలబడ్డాము. హిజ్కియా రాజు పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించిన యెషయా ప్రవక్తను జ్ఞాపకము చేశాము. ఆకును, కాయను దేవుడే చేశాడు గనుక దానిలో మందు ఉండుట వింత కాదన్నాము. ఆ మాటలో తప్పు లేదు, ఇప్పటికీ అదే అంటాము. తప్పు దాని తరువాత వచ్చింది. కరపత్రమును మొదటి నుండి చివర వరకు చదివాము. చివర పంక్తిలో, ఈ చూర్ణము వాడే కాలములో ఇంగ్లీషు మందులు వాడకూడదని ఉన్నది. దానిని కూడా చదివాము. అందరికీ వినబడవలెనని గొంతు ఎత్తి చదివాము.

నలభై పొట్లాలలో ఇరవై తొమ్మిది పోయినవి. పొట్లము ఖరీదు బీడీలు చుట్టే ఆడమనిషికి రెండు రోజుల కూలి కన్నా ఎక్కువ. మేము కమిషను తీసుకోలేదు. ఆ సంగతి చాలా రోజుల వరకు మాకు ఊరటగా ఉండేది. ఇప్పుడు లేదు.

పెద్దమ్మ చెప్పినది చెప్పినట్టు చేసే మనిషి. ఆశా వర్కరు నెల నెలా ఇచ్చే బీపీ గోలీలను గూట్లో పెట్టి పొడి మొదలుపెట్టింది. ఫోను వెనుక స్టిక్కరు అతికించింది. అది కూడా చాలదనుకొని, రాత్రి కాగానే ఫోనును బియ్యపు డబ్బాలో పెట్టి మూత వేసేది. కొడుకు పగలు ఎప్పుడైనా చేస్తే రెండు నిమిషాలు మాట్లాడి, "ఇగ పెట్టెయ్ బిడ్డా, తలకాయకు మంచిగ కాదు" అని పెట్టేసేది.

మూడు వారాలకు ఆమె తలనొప్పి తగ్గింది. ఇది నిజము. గుడిలో లేచి నిలబడి సాక్ష్యము చెప్పింది. మా మనసు ఎంత పొంగిందో చెప్పలేము. అర్ధరాత్రి వరకు మేలుకొని ఉండుట మానినందున ఆమెకు కంటినిండా నిద్ర పడుతున్నదని, నిద్ర పట్టినందున తల తేలికైనదని మాలో ఒక్కరికీ తోచలేదు. పొడికి పేరు వచ్చింది, నిద్రకు రాలేదు. లోపల బీపీ మాత్రము ఎవరికీ చెప్పకుండా పెరుగుతూ పోయింది. అది చాలా మందిలో నొప్పి లేకుండానే పెరుగుతుందని, తల బాగున్నంత మాత్రాన బీపీ బాగున్నట్టు కాదని ఇప్పుడు మాకు తెలుసు.

మే నెలలో ఒక తెల్లవారుజామున వాకిట్లో నీళ్ళు చల్లుతూ ఉండగా చేతిలో చెంబు జారిపోయింది. వంగి తీయబోతే కుడిచెయ్యి రాలేదు. పక్కింటివారు వచ్చేసరికి మూతి ఒక వైపుకు వంకరపోయింది. 108 వచ్చింది, మేము వెంట వెళ్ళాము. దవాఖానలో చూస్తే బీపీ 220 మీద 120. స్కానింగులో మెదడులో ఒక రక్తనాళము చిట్లినదని తేలింది. డాక్టరమ్మ పక్కింటి పిల్ల తెచ్చిన గోలీల డబ్బా చూసింది, నిండుగా ఉన్నది. పొట్లములోని కరపత్రము విప్పి చదివింది.

"ఈమె గోలీలు ఎవరు బంద్ చేయించిండ్రు?" అని అడిగింది.

మేము మంచము పక్కనే నిలబడి ఉన్నాము. ప్రతి ఆదివారము ముప్పావు గంట ప్రసంగము చేసే నోరు. ఆ పూట రాలేదు.

ఎలీషా కాలములో కరవు వచ్చినప్పుడు, ప్రవక్తల శిష్యులలో ఒకడు కూర ఆకులకని పొలానికి వెళ్ళి, అదేమిటో తెలియక అడవి తీగ కాయలు ఒడినిండా కోసుకొచ్చి, తరిగి కుండలో వేసిన సంగతి రెండవ రాజుల గ్రంథము 4వ అధ్యాయములో ఉన్నది. వాడు చెడ్డవాడు కాదు. అందరి ఆకలి తీర్చవలెనని వెళ్ళినవాడు. ఆ భాగము మీద మేము రెండుసార్లు ప్రసంగము చేశాము. రెండుసార్లూ ఎలీషాను గూర్చి, ఆయన వేసిన పిండిని గూర్చి చెప్పాము గాని, కాయలు తెచ్చిన ఆ మనిషి ఆ రాత్రి ఎట్లా నిద్రపోయాడో ఎన్నడూ ఆలోచించలేదు.

మా సంఘములో జూనియరు కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఒక తమ్ముడు ఉన్నాడు. పొట్లాలు పంచిన ఆదివారము అతడు ఊరిలో లేడు. కరపత్రము అతని చేతికిచ్చి, ఇందులో నిజమెంతో చెప్పు అని అడిగాము. రెండు రోజులకు వచ్చాడు. అతడు చెప్పినదీ, ఆ తరువాత మేము అడిగి తెలుసుకొన్నదీ కలిపి వ్రాస్తున్నాము.

తులసిని గూర్చిన పరిశోధన అబద్ధము కాదు. మణిపాల్‌లోని కస్తూర్బా మెడికల్ కాలేజీలో పి. ఉమాదేవి అనే శాస్త్రవేత్త, ఆమె తోటివారు 1990లలో తులసి ఆకు సారము మీద పని చేశారు. అందులోని ఓరియెంటిన్, వైసెనిన్ అనే పదార్థములను ముందుగా ఎలుకలకు ఇచ్చి, ఆపైన గామా కిరణములకు గురిచేసినప్పుడు వాటికి హాని తగ్గినదని కనుగొన్నారు. క్యాన్సరుకు కరెంటు పెట్టించుకొనే రోగులకు ఎప్పటికైనా పనికి వస్తుందేమోనని చేసిన మంచి పని అది. అయితే గామా కిరణము వేరు, సెల్‌ఫోను తరంగము వేరు. రెంటినీ రేడియేషను అనే ఒక్క మాటతో పిలుచుటలోనే మోసమంతా ఉన్నది.

"అయ్యగారూ, రాయిని రాయి అంటరు, ఉప్పు రాయినీ రాయి అనే అంటరు, ఒకటేనా?" అన్నాడు ఆ తమ్ముడు. గామా కిరణము, ఎక్స్‌రే ఒంట్లోని అణువుల నుండి ఎలక్ట్రానులను ఊడగొట్టి, జీవకణమును విరుచగలవు. సెల్‌ఫోను తరంగమునకు ఆ బలము లేదు. మనము పొద్దున లేచి చూసే మామూలు వెలుతురులో ఒక్కొక్క రేణువుకు ఉన్న శక్తి, సెల్‌ఫోను తరంగపు రేణువుకు ఉన్న శక్తికన్నా లక్షకు పైగా రెట్లు ఎక్కువ. చెవికి ఆనించి చాలాసేపు మాట్లాడితే ఆ తరంగము అక్కడి కండను కొంచెము వెచ్చబరుస్తుంది. అంతవరకే గట్టిగా తెలిసినది.

మరి మెదడులో గడ్డలు వస్తవనే మాటో? అదీ గాలిలో పుట్టలేదు. 2011 మేలో ఫ్రాన్సులోని లియోనులో ఉన్న అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ఈ తరంగములను 2బీ అనే వరుసలో పెట్టింది. అనుమానము ఉన్నది, రుజువు చాలదు అని ఆ వరుసకు అర్థము. ఆ తరువాత పరిశోధనలు చాలా జరిగినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద పాత, కొత్త అధ్యయనాలన్నిటిని జల్లెడ పట్టి 2024లో ప్రచురించిన సమీక్షలో, ఫోను వాడకమునకూ మెదడు క్యాన్సరుకూ సంబంధము కనబడలేదని తేల్చారు.

ఇక్కడ మమ్మును నవ్వించినదీ, సిగ్గుపరచినదీ ఒకటి ఉన్నది. అదే సంస్థ అదే 2బీ వరుసలో కలబంద ఆకు మొత్తము నుండి తీసిన సారమును, జింగో అనే చైనా చెట్టు ఆకు సారమును కూడా పెట్టింది. ఆ వివరములున్న గ్రంథము 2016లో వెలువడింది. ఫోను తరంగము నుండి మెదడును కాపాడుతుందని పరదేశములలో అమ్మే మూలికలలో ఈ జింగో ముఖ్యమైనది. 2004లో టర్కీ దేశపు పరిశోధకులు ఎలుకలను ఫోను తరంగములకు గురిచేసి, జింగో ఇచ్చిన ఎలుకల మెదడుకు హాని తగ్గినదని వ్రాశారు. ఎలుకకు పనిచేసినది మనిషికి పనిచేయవచ్చు, చేయకపోవచ్చు. కాని దేని నుండి కాపాడుకొనుటకు ఆకు తింటున్నామో, ఆ ఆకూ అదీ ఒకే అనుమానపు వరుసలో కూర్చున్నవి. పొగాకు తాగుట, నములుట మాత్రము అనుమానపు వరుసలో లేవు. అవి మొదటి వరుసలో, అంటే రుజువైన వరుసలో ఉన్నవి. టవర్ కింద అరుగు మీది పెద్దమనుషులకు ఈ మాట చెప్పాము. ఒకాయన చేతిలోని బీడీని చూసుకొని, "ఇది మా తాతలకాడి నుంచి తాగుతున్నం గదా అయ్యగారూ" అన్నాడు.

టవర్ సంగతి. 2012 సెప్టెంబరు 1 నుండి మన దేశములో టవర్ల తరంగ పరిమితిని అంతర్జాతీయ ప్రమాణములో పదవ వంతుకు తగ్గించారు. ఫోన్లకు కూడా కిలోకు 1.6 వాట్ల హద్దు పెట్టారు. ఫోనులో *#07# నొక్కితే దాని లెక్క కనబడుతుంది. టవర్ పైనుండి తరంగము ఎదురుగా దూరానికి పోతుంది గాని నేరుగా కాళ్ళ దగ్గరికి దిగదు. మెదడుకు దగ్గరగా ఉండేది టవర్ కాదు, చెవి దగ్గరి ఫోను. ఇంకొక మాట మేము రెండుసార్లు అడిగి చెప్పించుకొన్నాము. టవర్ దూరమై సిగ్నలు సన్నగిల్లితే, అందుకొనుటకు ఫోను ఎక్కువ బలముతో తరంగము పంపుతుంది. అంటే టవర్‌ను ఊరవతలికి తరిమితే ఫోను మన చెవి దగ్గర మరింత కష్టపడుతుంది. స్టిక్కరు కూడా అంతే. అమెరికాలో 2002లోనే ఇటువంటి ఫోను కవచాలు అమ్మిన రెండు కంపెనీల మీద అక్కడి ప్రభుత్వ వాణిజ్య సంఘము చర్య తీసుకొన్నది. కవచము సిగ్నలుకు అడ్డుపడితే ఫోను ఇంకా ఎక్కువ బలము వాడవచ్చునని కూడా హెచ్చరించింది. భయము తీరనివారు ఫోనును స్పీకరులో పెట్టి జానెడు దూరములో ఉంచి మాట్లాడుకొంటే చాలును. దూరము రెండింతలైతే తాకే తరంగము ఇంచుమించు నాలుగో వంతుకు పడిపోతుంది. దానికి తేనె అవసరము లేదు.

ఇదంతా చదివి, పాస్టరుగారు మూలికలకు విరోధి అయిపోయారని ఎవరూ అనుకోవద్దు. మా బావి దగ్గర బట్టలు ఉతికే బండ పక్కన ఇప్పటికీ సరస్వతి ఆకు పాకి ఉన్నది. మా శ్రీమతి దానితో చింతపండు వేసి పచ్చడి నూరుతుంది. తులసి కూడా ఉన్నది. పార్సనేజిలో తులసి ఏమిటని ఒక సంఘ పెద్ద అడిగితే, దగ్గు వచ్చినప్పుడు మీ ఇంటికి పంపుతామని చెప్పాము. ఆకు తిండిగా ఉన్నంత కాలము దానితో పేచీ లేదు. మందు అన్నప్పుడు మాత్రము మందును అడిగే ప్రశ్నలన్నీ దానిని అడగాలి. ఏ ఆకు? బజారులో బ్రాహ్మి అనే ఒక్క పేరుతో సెంటెల్లా అనే మన సరస్వతి ఆకును, బకోపా అనే నీటి మొక్కను, రెంటినీ అమ్ముతారు. ఎంత మోతాదు? ఎన్నాళ్ళు? సరస్వతి ఆకు మాత్రలు వారాల తరబడి మింగిన ముగ్గురు స్త్రీలకు కాలేయము దెబ్బతిని కామెర్లు వచ్చినవని 2005లో అర్జెంటీనా వైద్యులు వ్రాశారు. పొడిలో ఇంకేమి కలిసినది? 2004లో అమెరికాలోని బోస్టన్ నగరపు దుకాణాలలో అమ్మే 70 రకాల ఆయుర్వేద మందులను పరీక్షిస్తే, 14 రకాలలో సీసమో, పాదరసమో, ఆర్సెనికో బయటపడినవి. మా పొట్లములో ఏమున్నదో ఎవరూ పరీక్షించలేదు. మేమూ అడగలేదు.

అడిగినవారు మన పాత నిజామాబాదు జిల్లాలోనే ఉండినారు. 1907లో స్కాట్లాండు నుండి డాక్టరు ఇసబెల్ కెర్ అనే దొరసాని, ఆమె భర్త జార్జి కెర్ పాస్టరుగారు వచ్చి నిజామాబాదులో పని మొదలుపెట్టారు. రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళముతో డిచ్‌పల్లిలో కుష్ఠువ్యాధికి ఆసుపత్రి కట్టారు. అది 1915లో తెరుచుకొన్నది. అక్కడ వాడిన ముఖ్యమైన మందు ఒక చెట్టు గింజల నూనె. చాల్మోగ్ర అంటారు, దాని జాతి చెట్టును హిడ్నోకార్పస్ అంటారు. తరతరాలుగా మన దేశములో వాడుతున్న మూలికే. నోట తాగితే కడుపులో నిలువదు, వాంతి అవుతుంది. అందుకని సూదితో ఎక్కించే పద్ధతి కనిపెట్టారు. అది నొప్పి మందు, నెలల తరబడి వేయించుకోవలసిన మందు. కొందరికి మేలు చేసింది, అందరినీ బాగుచేయలేదు. 1940లలో సల్ఫోను మందులు వచ్చి దానిని పక్కకు నెట్టినవి. 1980లలో మూడు మందులను కలిపి ఇచ్చే చికిత్స వచ్చి వ్యాధిని పూర్తిగా నయము చేయసాగింది. నూనె పోయింది, దాని కొరకు ఎవరూ ఏడ్వలేదు. డిచ్‌పల్లి రోడ్డు మీదుగా మేము ఎన్నిసార్లు ప్రయాణము చేశామో లెక్కలేదు. పొట్లము చేతపట్టి నిలబడిన ఆ ఆదివారము మాత్రము డిచ్‌పల్లి మాకు గుర్తుకు రాలేదు.

జూన్ మొదటి ఆదివారము ప్రకటనల సమయములో మేము మళ్ళీ లేచి నిలబడ్డాము. ఏ నోటితో చదివామో ఆ నోటితోనే, మేము తప్పు చెప్పామని, బీపీ, షుగరు, మూర్ఛ గోలీలు వాడేవారు ఎవరైనా మా మాట మీద మానివేసి ఉంటే ఈ రోజే దవాఖానకు వెళ్ళి చూపించుకోవలెనని చెప్పాము. నలుగురు లేచారు. నలుగురు! వారిలో ఒకరు మూర్ఛవ్యాధి ఉన్న పదిహేనేండ్ల ఆడపిల్ల తల్లి. ఆ పిల్లకు ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో ఆ తల్లికీ మాకూ తెలియదు, తలుచుకొంటే ఇప్పటికీ కాళ్ళు వణుకుతవి. ఆ దినము పొట్లాల పైసలు తిరిగి ఇస్తామన్నాము. కొందరు తీసుకొన్నారు. ఒకామె వచ్చి, "పైసలు ఎట్లాగూ పోయినయి అయ్యగారూ, మిగిలిన పొట్లాలుంటే ఒకటి ఇయ్యరాదుండ్రి, నాకు మంచిగనే పనిచేసింది" అన్నది. ఇవ్వలేదు. ఆమెకు మా మీద కోపము వచ్చి రెండు నెలలు గుడికి రాలేదు.

పెద్దమ్మ కొడుకు కంపెనీవారిని బతిమాలుకొని జూన్‌లోనే వచ్చాడు. తల్లిని చూసుకొని, సాయంకాలము పార్సనేజికి వచ్చి వరండాలో కూర్చున్నాడు. టీ ఇస్తే ముట్టలేదు. చాలాసేపటికి అన్నాడు:

"నాలుగు నెలల సంది అమ్మ రాత్రి ఫోను ఎత్తుడు బంద్ చేసింది అయ్యగారూ. పగలు ఎత్తినా రెండు నిమిషాలకే పెట్టేసేది. జనవరిల కంపెనీ జీతం ఆపింది, నేను పైసలు పంపలే. అందుకే కోపం అనుకున్న. మళ్ల పంపిన. అయినా మాట్లాడలే. ఇగ అమ్మకు నేను వద్దనుకున్న."

అప్పుడు మేము అతనికి జరిగినదంతా చెప్పాము. పొట్లము, కరపత్రము, చివరి పంక్తి, బియ్యపు డబ్బా. అతడు తల వంచుకొని విన్నాడు. మేము క్షమాపణ అడిగితే అవుననలేదు, కాదనలేదు.

"ఇంక ఎన్ని ఉన్నయి?" అని మాత్రము అడిగాడు.

"పదకొండు" అన్నాము.

"పారేయకుండ్రి అయ్యగారూ" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ మాట ఏ అర్థముతో అన్నాడో మేము అడగలేదు. కాని అందుకే అవి అటక మీద ఉన్నవి.

పెద్దమ్మ బతికింది. కుడికాలు కొంచెము ఈడుస్తుంది. కుడిచెయ్యి బీడీ చుట్టుటకు పనికిరాదు గనుక ఆ చాట గోడకు చేరవేసి ఉన్నది. మాట మొదట ముద్దగా ఉండేది, ఇప్పుడు అలవాటైనవారికి తెలుస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకు కొడుకు ఫోను వస్తుంది. డ్యూటీ దిగి వంట మొదలుపెట్టక ముందే చేయవలెనని ఇద్దరూ ఒప్పందము చేసుకొన్నారు. ఫోనును బియ్యపు డబ్బా మూత మీద నిలబెట్టి, ఎదురుగా పీట మీద కూర్చుంటుంది. అతడు ముందు అడిగేది ఒకటే, "గోలి ఏసుకున్నవా?" అని. ఆమె ఎడమచేతితో ఖాళీ అయిన గోలీల పట్టీని ఫోను ముందు పట్టుకొని, అతడు లెక్కబెట్టేదాకా అట్లాగే చూపిస్తుంది.